పాత కారుకి కొత్త తోక

స్పాయిలర్, వింగ్, స్ప్లిటర్, బాడీ కిట్... పాతికేళ్లు దాటిన స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ల కళ్లన్నీ వీటి మీదే. వీటిలో గాలిని లొంగదీసేది ఏది? గాలికి పోయే డబ్బు ఏది?

1972వ సంవత్సరం. జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయం విండ్ టన్నెల్‌లో ఓ పోర్షే 911 కదలకుండా నిలబడి ఉంది. ఎదురుగా పెద్ద ఫ్యాన్ హోరుమంటూ గాలి తోస్తోంది. కారు వెనకాల ఇద్దరు కుర్ర ఇంజినీర్లు. వాళ్ల దగ్గరున్న సరంజామా చూస్తే ఏ టింకరింగ్ షెడ్డులోంచో వచ్చారనుకుంటారు. కాస్త పల్చటి రేకు, కాస్త వెల్డింగ్ తీగ, అంతే. ఇంజిన్ మూత అంచున రేకుని పైకి వంచి బిగిస్తారు. గాలి వదులుతారు. వెనక చక్రాల మీద బరువు ఎంత తేలికవుతోందో తూకంలో చూస్తారు. గాలి ఆపించి రేకుని ఇంకాస్త ఎత్తు చేస్తారు. మళ్లీ గాలి, మళ్లీ తూకం.

వాళ్ల పేర్లు హెర్మన్ బర్స్ట్, టిల్మన్ బ్రాడ్‌బెక్. అప్పటికి 911 మార్కెట్లోకి వచ్చి ఎనిమిదేళ్లు. అందంలో దానికి సాటి లేదు. వేగంలోనూ గట్టిదే. కానీ వేగం బాగా పెరిగాక వెనక భాగం నేలని వదిలేస్తున్నట్టు డ్రైవరుకి తెలిసిపోయేది. ఒంపులో ఉన్నట్టుండి తోక పక్కకి తిరిగేది. ఇంజిన్‌ని ముట్టుకోకుండా, కొత్త కారు గీయకుండా దీన్ని సరిచేయాలన్నది కంపెనీ అప్పగించిన పని. బ్రాడ్‌బెక్‌కి తన పాత రోజుల్లో చూసిన ఫియట్ 850 కూపే గుర్తొచ్చిందట. ఆ చిన్న కారు వెనక అంచు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. మామూలు 850 కంటే అది బాగా పరిగెత్తడంలో ఆ అంచుకీ వాటా ఉండి ఉంటుందా?

ఉంది. రేకూ తీగా ఓ ఆకారానికి వచ్చేసరికి వెనక చక్రాల దగ్గర పైకి లేపే బలం బాగా తగ్గింది. పైగా గరిష్ఠ వేగం నాలుగున్నర కిలోమీటర్లు పెరిగింది. అడ్డం పెట్టిన ముక్క వేగాన్ని తగ్గించాలి కదా, పెంచడమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం. ఆగస్టులో పేటెంటుకి దరఖాస్తు వెళ్లింది. అక్టోబరులో పారిస్ మోటార్ షోలో కరేరా ఆర్ఎస్ 2.7 పేరుతో కారు బయటికొచ్చింది. జర్మన్లు ఆ ముక్కని చూసి ముద్దుగా బాతు తోక అన్నారు. రేసుల నిబంధన కోసం 500 కార్లు తయారుచేయాలి. ఈ వింత తోకతో అన్ని కార్లు ఎవరు కొంటారని అమ్మకాల విభాగం నసిగింది. నవంబరు ఆఖరుకే ఆ 500 అమ్ముడైపోయాయి. ఉత్పత్తి ఆపేనాటికి లెక్క 1,580. ఇవాళ పాత 911 కొన్న ప్రతి రెండోవాడూ వెతుక్కునే ముక్క అదే, బాతు తోక.

ఇప్పుడెందుకీ మాట?

అమెరికాలో ఓ నిబంధన ఉంది. విదేశీ మార్కెట్ కోసం తయారైన కారు అక్కడి భద్రతా ప్రమాణాలకి సరిపోకపోయినా, పాతికేళ్లు నిండితే దిగుమతి చేసుకోవచ్చు. 1999లో జపాన్‌లో విడుదలైన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌కి 2024లో ఆ తలుపు తెరుచుకుంది. తొంభైల్లో ఈ కార్లని వీడియో గేముల్లో నడిపిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో పడ్డారు. చేతిలో డబ్బు ఉంది, గోడ మీది పోస్టరు మనసులోనే ఉంది. 2001 నాటి ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు టొయోటా సుప్రా 2021లో లాస్ వేగస్ వేలంలో 5.5 లక్షల డాలర్లు పలికింది. దాని బంపర్లు కంపెనీవి కావు. వెనక నిలబడిన అల్యూమినియం వింగూ కంపెనీది కాదు.

ఆ సినిమా మన ఊళ్లలోనూ ఓ తరాన్ని పట్టేసింది. ఇక్కడి కుర్రాళ్లకి సుప్రా దొరకలేదు కాబట్టి మారుతి డిక్కీ మీద వింగ్ మొలిచింది. డాలస్‌లోనో శాన్‌హోజేలోనో స్థిరపడిన తెలుగువాడికి మాత్రం ఆ కలని గ్యారేజీలోకి తెచ్చుకునే వీలుంది. శనివారం రేస్ ట్రాక్ అద్దెకిస్తారు. బాడీ ముక్కలు ఇంటికే పార్సిల్ వస్తాయి. చిక్కల్లా ఎంచుకోవడంలోనే.

కారుని గాలి ఎత్తుతుంది

పాత స్పోర్ట్స్ కార్లని గీసినవాళ్లు ఎక్కువగా చూసుకున్నది ఒక్కటే, గాలిని చీల్చుకుని పోవాలి. అందుకే వంపు తిరిగిన ముక్కు, జారుడు పైకప్పు, సన్నబడుతూ వెళ్లే వెనక భాగం. వచ్చిన చిక్కూ అక్కడే. వంపు తిరిగిన వీపు మీదుగా పరిగెత్తే గాలి అక్కడ ఒత్తిడిని తగ్గిస్తుంది. దాంతో కారు పైకి లాగబడుతుంది. పక్క నుంచి చూస్తే 911 ఆకారం విమానం రెక్కని కోసినట్టే ఉంటుంది. రెక్క చేసే పనే అదీ చేస్తుంది.

దీనికి తోడు 911 ఇంజిన్ వెనక ఇరుసుకీ అవతల వేలాడుతుంది. తొలినాళ్లలో ముక్కు మరీ తేలిపోతోందని ముందు బంపర్ లోపల రెండు మూలలా పదకొండేసి కిలోల ఇనుప దిమ్మలు దాచారు. స్పోర్ట్స్ కారు అమ్ముతూ బరువు కలపడం! 1969 మోడల్ నుంచి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచారు. 1972 మోడల్ 911 ఎస్‌కి ముందు బంపర్ కింద చిన్న స్పాయిలర్ తగిలించారు. ముక్కు నేలని పట్టుకుంది. ముందు కుదురుకున్నాక, వెనక ఎంత వదులుగా ఉందో అప్పుడు ఇంకా స్పష్టంగా బయటపడింది. బాతు తోక పుట్టడానికి ఇదీ ఓ కారణం.

కొనబోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య ఓ ఒప్పందం ఉంటుంది. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ఎవరికైనా ఇది తెలుసు. తోక లేకపోతే గింగిరాలు కొడుతుంది, తోక బరువెక్కితే లేవదు. వెనక మాత్రమే పెద్ద వింగ్ పెడితే ముక్కు తేలికై, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంది. ముందు మాత్రమే స్ప్లిటర్ పెడితే ఒంపులో వెనక భాగం ఎగిరి పక్కకొస్తుంది. రెండోది మొదటిదానికంటే ప్రమాదం. స్టీరింగ్ తిరగకపోతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడానికి కాస్త వ్యవధి ఉంటుంది. తోక తిరిగితే అదీ ఉండదు.

ఇక అడ్డం పెట్టిన రేకు వేగం ఎలా పెంచింది? కారు వెనక గాలి సాఫీగా విడిపోకుండా సుడులు తిరుగుతూ కారుని వెనక్కి లాగుతుంది. జారుడు వీపు మీద అది ఎక్కడ విడిపోవాలో తేలక కిందిదాకా పాకి, అస్తవ్యస్తంగా వదులుతుంది. బాతు తోక ఆ గాలిని ఒకే గీత దగ్గర తెగ్గొడుతుంది. సుడుల పరిమాణం తగ్గుతుంది. అందుకే పైకి లేపే బలం, వెనక్కి లాగే బలం రెండూ తగ్గాయి. ఇది ఆ కారుకి, ఆ వీపుకి, ఆ ఎత్తుకి మాత్రమే దొరికిన అదృష్టం. అదే రేకుని ఇంకో కారు మీద పెడితే లాగుడు పెరగొచ్చు కూడా. ‘911కి పనిచేసింది కాబట్టి నా కారుకీ పనిచేస్తుంది’ అనే మాట ఎవరన్నా వెంటనే అనుమానించాలి.

> స్పాయిలర్ వేరు, వింగ్ వేరు
>
> స్పాయిలర్: బాడీకి అతుక్కుని ఉంటుంది. కారు మీదుగా వచ్చే గాలిని చెదరగొట్టి, పైకి లేపే బలాన్ని తగ్గిస్తుంది.
>
> వింగ్: కాళ్ల మీద విడిగా నిలబడుతుంది. పైనా కిందా గాలి ఆడాలి. తలకిందులు చేసిన విమానం రెక్కలా కారుని కిందికి నొక్కుతుంది.
>
> ఎయిర్ డ్యామ్: ముందు బంపర్ కింద దిగిన గోడ. కారు అడుగుకి దూరే గాలిని తగ్గిస్తుంది.
>
> స్ప్లిటర్: ఆ గోడ కింద ముందుకి చాచిన పలక.
>
> డిఫ్యూజర్: అడుగున వెనక్కి పోయే గాలికి విశాలమైన దారి. అడుగు భాగం చదునుగా లేకపోతే పెద్దగా ఉపయోగం లేదు. సైలెన్సరూ ఇరుసులూ వేలాడుతున్న పాత కార్లకి అమ్మే ‘డిఫ్యూజర్ బంపర్లు’ చాలామటుకు అలంకారమే.

తోక లేక తంటాలు

బాతు తోక వచ్చిన పాతికేళ్లకి అదే జర్మనీలో కథ తిరగబడింది. 1998లో ఆడి టీటీ అమ్మకానికొచ్చింది. ముందూ వెనకా ఒకేలా గుండ్రంగా, ఎక్కడా ఓ అంచు లేకుండా, చేత్తో నిమరాలనిపించే కారు. డిజైన్ పత్రికలు తలకెత్తుకున్నాయి. స్పాయిలర్ పెడితే ఆ నునుపు చెడుతుంది కాబట్టి పెట్టలేదు.

వేగ పరిమితి లేని ఆటోబాన్ల మీద ప్రమాదాలు మొదలయ్యాయి. గంటకి 180 కిలోమీటర్లు దాటిన వేగంలో హఠాత్తుగా వరస మారినా, ఒంపులో కాలు తీసినా కారు అదుపు తప్పింది. ప్రాణాలూ పోయాయి. పత్రికలు వెంటపడ్డాయి. 1999 చివర్లో ఆడి దిగొచ్చి, అప్పటికే అమ్మిన కార్లని వెనక్కి పిలిచింది. సస్పెన్షన్‌లో మార్పులు చేసి, జారుడుని అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ చేర్చి, డిక్కీ అంచున చిన్న స్పాయిలర్ బిగించింది.

ఇక్కడే మనుషుల తీరు చూడాలి. ఆ స్పాయిలర్ వద్దు, డిజైన్ పాడవుతుందని ముఖం చిట్లించిన ఓనర్లున్నారు. ఇప్పటికీ స్పాయిలర్ లేని తొలి టీటీ కోసం వెతికే సేకర్తలున్నారు. నలభై కిలోమీటర్ల వేగంతో కాఫీ తాగడానికి వెళ్లే కారుకైతే ఆ పట్టుదల అర్థమవుతుంది. దాన్నే ట్రాక్ మీదికి తీసుకెళ్తానంటే మాత్రం, తయారుచేసినవాళ్లే ఒప్పుకున్న లోపాన్ని ఏరి కోరి తెచ్చుకున్నట్టే. పాత టీటీ కొనేవాళ్లు ఎంచుకోవాల్సిన మొదటి గాలి ముక్క ఏ కొత్త కేటలాగ్‌లోనూ లేదు. 2000లో కంపెనీ పెట్టిందే అది.

అసలు ప్రతి పాత కారు విషయంలోనూ ముందుగా చూడాల్సింది ఇదే. ఆ మోడల్ జీవితకాలంలో కంపెనీ తర్వాత ఏం మార్చింది? రేసుల కోసం తీసిన ప్రత్యేక వెర్షన్‌కి ఏం తగిలించింది? విండ్ టన్నెల్ అద్దెలూ ఇంజినీర్ల జీతాలూ ఎవరో ఎప్పుడో కట్టేశారు. డాట్సన్ 240జెడ్‌కి 1971లో జపాన్‌లో పొడుగు ముక్కుతో, వెడల్పు మడ్‌గార్డులతో 240జెడ్‌జీ వచ్చింది. పోర్షే 911కి 1989 నాటి 964 తరంలో గంటకి 80 కిలోమీటర్లు దాటగానే దానంతటదే లేచే స్పాయిలర్ వచ్చింది. మజ్దా ఎంఎక్స్-5కి పోటీలకి పనికొచ్చే ప్యాకేజీలో ముందూ వెనకా చిన్న పెదవులు, అంటే లిప్ స్పాయిలర్లు, ఇచ్చారు. ఇలాంటివాటి నకళ్లు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి. ఆకారం తెలిసిందే, ఫలితమూ తెలిసిందే.

> గర్నీ చెప్పిన అబద్ధం
>
> 1971, అమెరికాలోని ఫీనిక్స్ ట్రాక్. డాన్ గర్నీ తయారుచేసిన రేసు కారుని బాబీ అన్సర్ నడుపుతున్నాడు. ఎంత తంటాలు పడ్డా వేగం రావడం లేదు. వెనక వింగ్ అంచున ఓ అల్యూమినియం పట్టీని లంబంగా రివెట్లు కొట్టి బిగించాడు గర్నీ. అన్సర్ మళ్లీ బయల్దేరాడు. గడియారంలో తేడా లేదు. చూస్తున్నవాళ్లు ఇది పనికిరాదనుకున్నారు. కారు దిగిన అన్సర్ చెప్పిందేమిటంటే, వెనక భాగం నేలకి ఎంతగా అంటుకుపోయిందంటే ఇప్పుడు ముందు భాగం చాలడం లేదని! ముందు సర్దుకోగానే వేగం పెరిగింది.
>
> ఆ పట్టీ ఎందుకని అడిగిన పోటీదారులకి గర్నీ, కారుని తోసేటప్పుడు చేతులు తెగకుండా అని చెప్పాడు. విమానాల కంపెనీ మెక్‌డొనెల్ డగ్లస్‌కి చెందిన రాబర్ట్ లీబెక్ తర్వాత దాన్ని శాస్త్రీయంగా పరీక్షించాడు. ఆ పట్టీకి ఇప్పుడు గర్నీ ఫ్లాప్ అనే పేరు.

మామూలు మనిషి స్పోర్ట్స్ కారు

పోర్షేలూ సుప్రాలూ పక్కన పెడదాం. జీతగాళ్లు కొనగలిగిన పాత స్పోర్ట్స్ కార్లలో ముందు వరసలో ఉండేది మజ్దా ఎంఎక్స్-5. మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో బయటికొచ్చిన తొలి తరం 1997 దాకా నడిచింది. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. బరువు టన్నులోపే. తొలి 1.6 లీటర్ల ఇంజిన్ బలం 116 గుర్రాలు. ఇంత తక్కువ బలంతో గాలిని తోసుకుంటూ పోవాలంటే ప్రతి అడ్డంకీ తెలుస్తుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డగింపు నాలుగు రెట్లవుతుంది. దాన్ని గెలవడానికి ఇంజిన్ పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు.

దీనికి చాలామంది ముందుగా కొనేది వెనక వింగ్. నా లెక్కలో అది ఆఖరున కొనాల్సింది. టాపు తీసిన కారులో గాలి అద్దం పైనుంచి దూకి, సీట్ల మీద దొర్లి, చిందరవందరగా డిక్కీ దాకా వస్తుంది. డిక్కీ అంచున అతికించిన చిన్న స్పాయిలర్ ఆ గందరగోళంలోనే మునిగి ఉంటుంది. ఎత్తు కాళ్ల వింగ్ కొంత నయమే కానీ, దాని దగ్గరికీ మంచి గాలి రాదు. వింగ్ పనిచేయాలంటే ముందు దాని ఎదుట ఓ పైకప్పు ఉండాలి. కాబట్టి మియాటాకి కొనాల్సిన మొదటి గాలి సామాను హార్డ్‌టాప్, అంటే బిగించే గట్టి టాపు. పేరుకి అది వాన ఆపడానికి. నిజానికి కారు మీద గాలి దారిని అంతగా మార్చే ముక్క మరొకటి లేదు.

తర్వాత ముందు పెదవి లేదా ఎయిర్ డ్యామ్. ట్రాక్ మీదికి వెళ్తారా, అప్పుడు స్ప్లిటర్. దానికి రేసర్లు పెట్టే మోటు పరీక్ష ఒకటుంది. బిగించాక మనిషి ఎక్కి నిలబడినా వంగకూడదు. ప్లైవుడ్‌తో చేసుకున్నది ఈ పరీక్షలో నెగ్గి, కార్బన్ ఫైబర్ రంగు స్టిక్కర్ అంటించిన ప్లాస్టిక్ ఓడిపోవడం మామూలే. ఇవన్నీ అయ్యాక, కారు వెనక్కి ఇంకా పట్టు కావాలంటే అప్పుడు వింగ్.

వీధుల్లో తిరగడానికే అయితే? అందం కోసం పెట్టుకున్నానని హాయిగా చెప్పుకోవచ్చు. అందులో తప్పేం లేదు. పట్టు కోసమని చెప్పి పైన రెండడుగుల వింగ్, కింద అరిగిపోయిన టైర్లు పెట్టుకునేవాళ్లని చూస్తేనే నవ్వొస్తుంది.

బిగింపులో ఉంది ప్రాణం

1969 మే నెల. బార్సిలోనాలోని మోంజుయిక్ కొండ మీద స్పానిష్ గ్రాండ్ ప్రి. సన్నటి కాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టిన వింగ్‌లు అప్పటి కొత్త మోజు. గ్రాహం హిల్ నడుపుతున్న లోటస్ వింగ్ విరిగింది, కారు పక్క కంచెని గుద్దుకుంది. కాసేపటికి అదే చోట అదే జట్టుకి చెందిన యోహెన్ రింట్ కారు వింగూ విరిగింది. రింట్ గాయాలతో బయటపడ్డాడు. తర్వాతి రేసు మొనాకోలో ప్రాక్టీసు దశలో ఉండగానే అధికారులు ఎత్తు వింగ్‌లని నిషేధించారు.

ప్రపంచంలోనే మేటి జట్టుకి జరిగిన పని ఇది. మరి పాత కారు డిక్కీ మూత మీద నాలుగు స్క్రూలతో బిగించిన వింగ్ సంగతో? ఆ మూత పల్చటి రేకు. నిజంగా కిందికి నొక్కే వింగ్ అయితే ఆ బరువంతా దాని మీదే పడుతుంది. మూత సొట్టపడుతుంది, లేదా గొళ్లెం ఊడుతుంది. ట్రాక్ కోసం కొనేవాళ్లు వింగ్ కాళ్లని డిక్కీ కింది చట్రానికి బిగించే రకాన్నే ఎంచుకోవాలి. వింగ్ ఎంత నొక్కుతుందో చెప్పకుండా, ఎంత అందంగా ఉందో మాత్రమే చెప్పే అమ్మకందారు దగ్గర అందమైన వింగే దొరుకుతుంది.

మరో ముప్పు ఎవరూ ఊహించనిది, ఇంజిన్ వేడి. 1984లో వచ్చిన నాలుగో తరం షెవ్రొలె కార్వెట్‌కి ముందు పెద్ద జాలీ ఉండదు. రేడియేటర్‌కి గాలి బంపర్ కింది నుంచే రావాలి. అక్కడ వేలాడే నల్ల ప్లాస్టిక్ పలకే గాలిని పైకి మళ్లిస్తుంది. అది స్పీడ్ బ్రేకర్లకి గీసుకుని విరిగిపోతుంది. పనికిరాని ముక్కే కదా అని వదిలేసినవాళ్లకి హైవే మీద ఇంజిన్ వేడెక్కుతుంది. పంపు మార్చి, థర్మోస్టాట్ మార్చి, రేడియేటర్ కడిగించాక ఎవరో అసలు సంగతి చెబుతారు. పాత కారుకి కొత్త బంపర్ ఎంచుకునేటప్పుడు రేడియేటర్‌కి, బ్రేకులకి గాలి ఎటు నుంచి వస్తోందో చూడకపోతే ఇదే గతి.

పదార్థం విషయంలో పెద్ద రహస్యాలేం లేవు. ఫైబర్‌గ్లాస్ చవక, తగిలితే పగులుతుంది, మన షెడ్లలోనూ అతుకుతారు. పాలీయురెథేన్ బరువు, కానీ వంగి మళ్లీ వస్తుంది. రోజూ రోడ్డు మీద తిరిగే కారు ముందు పెదవికి అదే మేలు. కార్బన్ ఫైబర్ తేలిక, ధర బరువు. ఏది కొన్నా పెయింట్ కొట్టించే ముందే ఓసారి బిగించి చూసుకోవాలి. నకలు ముక్కలు సందుల్లో వేలు పట్టేంత తేడాతో రావడం మామూలే. రంగు వేశాక వెనక్కి తీసుకునేవాడు ఉండడు.

కోస్తే తిరిగి రాదు

జపాన్‌లో చిబా ప్రాంతంలోని కషివా అనే ఊళ్లో అకిరా నకాయ్ షెడ్డు ఉంది. పాత 911ల మడ్‌గార్డులని రంపంతో కోసి, వాటి మీద బాగా వెడల్పైన కొత్త మడ్‌గార్డులు బిగించి, వెనక భారీ వింగ్ నిలబెట్టడం ఆయన వృత్తి. దేశదేశాలు తిరిగి ఓనర్ల గ్యారేజీల్లోనే స్వయంగా కోస్తాడు. ప్రతి కారుకీ ఓ పేరు పెడతాడు. ఆయన రంపం పట్టుకున్న వీడియోల కింద సగం మంది చప్పట్లు కొడతారు, సగం మంది గుండెలు బాదుకుంటారు. నాకు ఆ కార్లు చూడ్డానికి భలే ఇష్టం. అయినా నా సొంత 911 ఉంటే కోయనిచ్చేవాణ్ణి కాదు.

కారణం సెంటిమెంటు కాదు. పాత కార్ల ముక్కల విలువ కాలంతోపాటు తలకిందులవుతుంది. 1970 నాటి ప్లిమత్ సూపర్‌బర్డ్‌నే చూడండి. నాస్కార్ రేసుల కోసం దాని ముందు కోసు ముక్కు, వెనక మనిషి నడుమెత్తు దాటిన వింగ్ కంపెనీయే పెట్టింది. వీధిలో అది జనానికి నచ్చలేదు. కార్లు షోరూముల్లో మిగిలిపోతే కొందరు డీలర్లు ఆ ముక్కూ వింగూ పీకేసి మామూలు కారులా మార్చి అమ్ముకున్నారు. ఇప్పుడు ఆ ముక్కూ వింగూ ఉన్న కార్ల కోసమే సేకర్తలు కొట్టుకుంటారు. ఏది చెత్తో, ఏది బంగారమో ఇప్పుడే తేల్చలేం కాబట్టి బోల్టు విప్పితే వచ్చేసే ముక్కలే మేలు. పాత బంపర్ని అటక మీద జాగ్రత్తగా పెట్టుకోవాలి.

చట్టాలూ ఆ వైపే మొగ్గుతాయి. జర్మనీలో ముప్ఫై ఏళ్లు దాటిన కారుకి చారిత్రక వాహనం నంబరు ప్లేటు కావాలంటే మార్పులు ఆ కారు కాలానికి చెందినవై ఉండాలి. జపాన్ తనిఖీలో కారు పొడవు 3, వెడల్పు 2, ఎత్తు 4 సెంటీమీటర్లకి మించి మారితే పత్రాలు తిరగరాయించాలి. అసలు 1973లో బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ కొన్న జర్మన్లకి కంపెనీ వింగ్‌ని కారుకి బిగించకుండా డిక్కీలో పెట్టి ఇచ్చింది. రోడ్డు మీద అది చట్టవిరుద్ధం మరి. బిగించుకోవడం, బిగించుకోకపోవడం కొన్నవాడి ఇష్టానికే వదిలేసింది.

> మన దగ్గర చట్టం ఏమంటుంది?
>
> మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.
>
> 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన యాభై ఏళ్లు దాటినవాటికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అయితే చట్రం, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి.

ఊలు పోగుల పరీక్ష

విండ్ టన్నెల్ మనకెక్కడ దొరుకుతుంది అని నిరాశపడక్కర్లేదు. చిన్న చిన్న ఊలు దారం ముక్కలు ఓ వంద కత్తిరించి, కారు వెనక భాగమంతా వరసలుగా టేపుతో అంటించండి. ట్రాక్ మీద ఓ స్నేహితుణ్ణి పక్క కారులో కూర్చోబెట్టి, ఒకే వేగంతో వెళ్తూ ఫోనులో వీడియో తీయించండి. పోగులు వెనక్కి నిటారుగా పరుచుకున్న చోట గాలి బాడీని అంటుకుని ఉంది. గిలగిలా కొట్టుకుంటున్న చోట, ఎదురు తిరిగిన చోట గాలి విడిపోయింది. ఆ చోట పెట్టిన చిన్న స్పాయిలర్ శుద్ధ దండగ. కొనకముందే అట్టముక్కతో అదే ఆకారం చేసి అంటించి మళ్లీ చూడొచ్చు. బర్స్ట్, బ్రాడ్‌బెక్ రేకుతో చేసింది ఇదే పని. వాళ్ల దగ్గర తూకం ఉంది, మన దగ్గర ఫోనుంది.

డాలస్ కుర్రాడికి నా మాట: కంపెనీ ఆ కాలంలో పెట్టిన ముందూ వెనకా ముక్కలు జతగా కొనండి, దేన్నీ కోయకండి, వింగ్ సంగతి ట్రాక్ మీద నాలుగు శనివారాలు గడిచాక చూడండి. హైదరాబాద్ కుర్రాడికి చెప్పేది ఇంకా చిన్నది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. 240 దగ్గర వింగ్ చేసే పనిలో ఆ వేగంలో జరిగేది నాలుగో వంతే. 60 దగ్గర పదహారో వంతు. ఆ డబ్బుతో ముందు నాలుగు మంచి టైర్లు వేయించండి.